డెల్టాలో పూర్తి దూరం ట్రయథ్లాన్ శిక్షణ: రేసు రోజు దాకా ఆగకుండా తృప్తి ఎలా?

గట్టు మీద పరుగు (అమలాపురం) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారమండి. 3.8 కి.మీ. ఈత, 180 కి.మీ. సైకిలు, 42.2 కి.మీ. పరుగు. ఈ పూర్తి దూరానికి శిక్షణ నడుస్తోంది. వారానికి 11–12 గంటలు పడుతుంది. రేసుకు ఇంకా ఏడు నెలలుంది. పోడియం మీద ఆశ లేదు, 17 గంటల గడువులో ముగిస్తే చాలు.

ఏడు నెలలు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి చేసే పనికి ఫలితం ఒక్క రోజే, అదీ ఎక్కడో దూరదేశంలో తెలుస్తుందంటే మనసు నిలవడం కష్టమండి. ఆ రోజు కడుపు తిరగబడినా, టైరు చీలినా ఇదంతా వృథా అనుకోవాలా? ఏ వారానికి ఆ వారం, పని బాగా జరిగిందని నిజాయితీగా చెప్పుకోవడానికి ఏం చూసుకోవాలి?

పైగా మార్చి వచ్చిన దగ్గర్నుంచి అంతే కష్టపడుతున్నా పరుగు కిలోమీటరుకు 30–40 సెకన్లు నెమ్మదించింది. సైకిలు సగటు వేగం గాలిని బట్టి రోజుకో రకం. ఈతకు 25 మీటర్ల పూల్ ఒక్కటే దిక్కు. కాలువలో చేస్తే దూరం బాగా వస్తుందని కొందరంటున్నారు. ఈ నేల సంగతి తెలిసినవాళ్ళ మాట కావాలండి.

నాడి లెక్క (రాజమండ్రి)

మీ ఓపిక తగ్గిందనుకోకండి. వేసవిలో పేస్ (పరుగు వేగం) చూసి దమ్ము కొలవడం మన వాతావరణానికి సరిపడదు. ఒంటి వేడి చెమట ఆరితే తగ్గుతుంది, కారిపోతే తగ్గదు. తెల్లవారుజాము చల్లగా అనిపిస్తుంది గానీ గాలిలో తేమ శాతం రోజు మొత్తంలో దాదాపు అప్పుడే ఎక్కువ. చెమట ఆరకపోయేసరికి రక్తం చర్మం వైపు మళ్ళుతుంది, కండరాలకు కూడా సరిపడా పంపాలంటే గుండె ఇంకా వేగంగా కొట్టుకోవాలి. అదే హార్ట్ రేట్‌లో ఉండాలంటే పేస్ తగ్గక తప్పదు. జనవరి పేస్ పక్కన ఏప్రిల్ పేస్ పెట్టుకుని దిగులు పడేవాళ్ళు ఇక్కడ చాలామంది. ఆ పోలిక ఆపేయండి.

దాని బదులు డ్రిఫ్ట్ చూడండి, అంటే ఒకే వేగంలో పోతున్నా సమయం గడిచేకొద్దీ హార్ట్ రేట్ ఎంత పైకి జరుగుతుందో. నెలకోసారి ఒకే గట్టు, ఒకే గంట, ముందు రోజు తేలికపాటి పని. 15 నిమిషాలు ఒళ్ళు వేడెక్కించి, తర్వాత గంటసేపు మాట్లాడగలిగే వేగంలో పరుగు. మొదటి అరగంట, రెండో అరగంట విడివిడిగా రాసుకోండి. ఉదాహరణకు రెండు సగాల్లోనూ గంటకు 9 కి.మీ. అంటే నిమిషానికి 150 మీటర్లు పరిగెత్తారు. మొదటి సగంలో హార్ట్ రేట్ సగటు 140, రెండో సగంలో 147. 150ని 140తో భాగిస్తే 1.071, 147తో భాగిస్తే 1.020. తేడా 4.8 శాతం. 5 లోపు ఉంటే ఆ వ్యవధికి మీ దమ్ము సరిపోతున్నట్టు. 8, 10 వచ్చిందంటే మొదట్లో తొందరపడ్డారు, లేదా నీళ్ళు చాల్లేదు, లేదా నిద్ర చాల్లేదు. వేసవిలో ఈ అంకె కొంచెం పెరుగుతుంది, అది సహజం. మే నెలలో కూడా 5 దగ్గర నిలబెట్టగలిగితే అంతకు మించిన పతకం లేదండి, ఎందుకంటే అది పూర్తిగా మీ శిక్షణ వల్ల వచ్చింది.

ఈ లెక్కకు ఛాతీ పట్టీ వాడండి. మణికట్టు వాచీ చెమటకు జారినప్పుడు అడుగుల లయనే హార్ట్ రేట్ అనుకుని 165, 170 చూపిస్తుంది. తేలిక పరుగులో ఉన్నట్టుండి అంత అంకె కనబడితే ముందు వాచీనే అనుమానించండి.

ఇంకొకటి. ఎండకు ఒళ్ళు అలవాటు పడటానికి 10–14 రోజులు పడుతుంది. ఆ రోజుల్లో వేగం పనులు పెట్టకుండా రోజూ 45–60 నిమిషాలు తేలికగా చేయండి. రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట ముందుగానే మొదలవుతుంది, అదే వేగానికి హార్ట్ రేట్ కొన్ని బీట్లు దిగుతుంది. రెండు వారాల్లో కళ్ళ ముందు కనిపించే మార్పు ఇది.

తృప్తి గురించి అడిగారు కదా. ఒక్క అలవాటు చేసుకోండి: బయల్దేరే ముందే ఈ పూట పని దేనికోసమో ఒక్క వాక్యం రాయండి. 'పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగం దాటకూడదు', 'ప్రతి 20 నిమిషాలకు తాగాలి', 'చివరి 5 కి.మీ. అడుగు బరువెక్కకూడదు', ఇలాంటివి. తిరిగొచ్చాక ఆ ఒక్కదానికే మార్కు వేసుకోండి. ఏం కొలవాలో ముందు రాసుకోని పరుగు ఎంత బాగా సాగినా, వచ్చాక వాచీలో తప్పు వెతుక్కోవాలనిపిస్తుంది.

వశిష్ట ఒడ్డు (నరసాపురం)

ఈత మాట నేను చెబుతానండి. మూడింటిలో ఒంటి బలం కన్నా ఒడుపు ఎక్కువ పనిచేసేది ఇదే, కాబట్టి నెల నెలా మార్పు కనిపించేదీ ఇందులోనే. 25 మీటర్ల పూల్ తక్కువేం కాదు. 3.8 కి.మీ. అంటే 152 పొడవులు. నాలుగేసి పొడవులు ఒక కట్ట అనుకుని 38 కట్టలు లెక్కపెడితే తప్పిపోరు.

మొదట ఒక పొడవుకు ఎన్ని స్ట్రోకులు పడుతున్నాయో లెక్కపెట్టండి. 24 పడితే, అదే సమయంలో 21కి రావడం మొదటి మెట్టు. ఎక్కువమందికి అడ్డం పడేది చేతులు కాదు, తల. ముందుకు చూస్తూ తల ఎత్తితే నడుము, కాళ్ళు దిగిపోతాయి, నీటిని చీల్చే బదులు తోసుకుంటూ పోవాలి. చూపు పూల్ అడుగున, కొంచెం ముందుకు. గాలి నీళ్ళలోనే మెల్లగా వదిలేయాలి. ముఖం పైకొచ్చాక వదిలి, మళ్ళీ పీల్చాలంటే సమయం చాలదు, ఆ ఆయాసాన్నే చాలామంది దమ్ము లేకపోవడం అనుకుంటారు.

ఆరు వారాలకోసారి పరీక్ష: ఒళ్ళు వేడెక్కాక 400 మీటర్లు పూర్తి శక్తితో, పది నిమిషాలు విశ్రాంతి, తర్వాత 200 మీటర్లు. 400కి 9:20, 200కి 4:20 పట్టిందనుకోండి. తేడా 200 మీటర్లకు 300 సెకన్లు, అంటే 100 మీటర్లకు 2:30. మీరు ఎక్కువసేపు నిలపగల వేగం దాదాపు అదే. ఆ వేగంతో 3.8 కి.మీ. గంటా 35 నిమిషాలు. రేసులో ఇంకొంచెం నెమ్మదిగా వెళ్ళినా ఈత గడువు సాధారణంగా 2 గంటల 20 నిమిషాలు, అంటే 100 మీటర్లకు 3:41 పట్టినా సరిపోతుంది. ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకుంటే సగం భయం పోతుంది.

ఇక కాలువ. దూరం బాగా వస్తుందన్నవాళ్ళు ప్రవాహాన్ని లెక్కలోకి తీసుకోలేదు. మీ వేగం గంటకు 2.4 కి.మీ., నీటి వేగం 1.5 కి.మీ. ఉంటే వాచీ 3.9 చూపిస్తుంది. 100 మీటర్లకు 1:32! ఆ అంకె మీది కాదు, దానితో వచ్చే సంతోషం రేసు నీళ్ళలో నిలవదు.

అంకెల కన్నా పెద్ద సంగతి ప్రాణం. లాకులు, రెగ్యులేటర్లు, తూముల దగ్గర పైన నీరు నిశ్చలంగా ఉన్నా గేటు కింద లాగుడు ఉంటుంది, అందులో పడితే ఎంత ఈతగాడైనా బయటపడటం కష్టం. వేసవిలో కాలువలు కట్టేశాక మిగిలేది మురుగు, గుర్రపుడెక్క. గోదావరిలో ఇసుక తీసిన గోతుల దగ్గర మోకాలి లోతు ఒక్క అడుగులో మనిషి లోతవుతుంది, వంతెన స్తంభాల వెనక సుళ్ళుంటాయి. జులై నుంచి సెప్టెంబర్ దాకా నదిలో దిగే ఆలోచనే వద్దు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక ఇస్తారు, కానీ ఈతకు అంతకన్నా చాలా ముందే నది పనికిరాదు. వర్షాకాలం బురద నీళ్ళలో ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ కూడా వస్తుంది. కాలికి గీతపడి ఉంటే అసలు దిగొద్దు. తర్వాత జ్వరం, పిక్కల్లో నొప్పి, కళ్ళు ఎర్రబడటం ఉంటే నీళ్ళలో దిగిన సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

బయటి నీటి అలవాటు కావాలంటే శీతాకాలంలో, రేవు తెలిసిన పడవ మనిషి పక్కన వస్తుండగా, నడుముకు నారింజ రంగు ఫ్లోట్ కట్టుకుని. మిగతా రోజుల్లో పూల్‌లోనే సాధన చేయొచ్చు. ఖాళీ వరుసలో కళ్ళు మూసుకుని పది స్ట్రోకులు వేయండి, ఏ పక్కకు లాగుతున్నారో తెలుస్తుంది. ప్రతి 6–8 స్ట్రోకులకు కళ్ళు మాత్రమే నీటిపైకి తెచ్చి ఎదుట గోడ మీద ఒక గుర్తు చూడండి.

గేరు పన్ను (రావులపాలెం)

సైకిలు విషయంలో ఒకటి ఒప్పుకోవాలండి. ఇక్కడ ఎక్కుడు లేదు కాబట్టి దిగుడూ లేదు. ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు కాళ్ళకు విరామం దొరుకుతుంది, డెల్టాలో ఐదు గంటలంటే ఐదు గంటలూ తొక్కుడే. ఒకే భంగిమలో కూర్చోవడం వల్ల అరచేయి తిమ్మిరి, మెడ పట్టేయడం, సీటు దగ్గర ఒరుపు వస్తాయి. ప్రతి 10–15 నిమిషాలకు 20–30 సెకన్లు పెడల్ మీద నిలబడి తొక్కండి. మోకాలు ముందు భాగం నొప్పి అయితే సీటు కిందికి ఉన్నట్టు, వెనక భాగం లాగితే ఎత్తుగా ఉన్నట్టు. ఒకేసారి 3–4 మిల్లీమీటర్లకు మించి మార్చకండి, మార్చిన ప్రతిసారీ సీటు గొట్టం మీద టేపుతో గుర్తు పెట్టండి.

గాలిని తిట్టుకోవద్దు, వాడుకోవాలి. తెల్లవారుజామున నేల మీది నుంచి సముద్రం వైపు తేలికగా వీస్తుంది, పొద్దెక్కాక సముద్రపు గాలి లోపలికి తిరుగుతుంది. అంతర్వేది వైపు పొడవు రైడ్ చేసేవాళ్ళు నాలుగున్నరకు బయల్దేరి, గాలి మళ్ళాక తిరుగుముఖం పడితే అలసిన కాళ్ళకు వెనక నుంచి సాయం దొరుకుతుంది. ఎదురుగాలి సాధనే కావాలంటే తిరగేసి పెట్టుకోండి. ఏదైనా సగటు వేగం మాత్రం చూడకండి. ఒకే దారిలో వెళ్ళి వచ్చే మొత్తం సమయం, హార్ట్ రేట్, ఈ రెండే రాసుకోండి. ఎక్కుడు కోసం రాజమండ్రి రోడ్డు కమ్ రైలు వంతెన అప్రోచ్ కొంత పనికొస్తుంది. నిజమైన ఘాట్ కావాలంటే నెలకోసారి మారేడుమిల్లి వెళ్ళాలి.

మన రోడ్ల సంగతి: కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, అంచున రాళ్ళు పెడతారు. చీకట్లో ఆ రాళ్ళు కనబడవు, ముందు లైటు బలమైనది ఉండాలి. తడి గడ్డి వెనక డిరైలర్ (గేర్లు మార్చే భాగం) చక్రాల్లో చుట్టుకుంటే బలవంతంగా తొక్కొద్దు, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ వంగిపోతుంది. దిగి, చైన్ వెనక్కి తిప్పి చేత్తో తీసేయండి. ధాన్యం మీదుగా ఎప్పుడూ పోకండి. ఆరు నెలల కష్టం అది, పైగా గింజల మీద టైరు జారుతుంది.

గట్ల మీద సర్కారు తుమ్మ ముల్లు ప్రధాన శత్రువు. పంక్చర్ అయితే కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపల వేలు మెల్లగా చుట్టూ తిప్పండి. ముల్లు మొన విరిగి లోపలే ఉండిపోతే పది నిమిషాల్లో అదే చోట మళ్ళీ గాలి పోతుంది. ట్యూబుకు గుండ్రంగా నిలబడేంత గాలి పట్టి లోపల పెట్టండి, టైరు అంచు ఎక్కించడం వాల్వుకు ఎదురుగా మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించండి, ఆ తర్వాత వాల్వును ఒకసారి లోపలికి నొక్కి వదలండి. చివర్లో టైరు ఊడదీసే లివర్ వాడితే కొత్త ట్యూబే చిరుగుతుంది. 28 మిల్లీమీటర్ల టైరుకు 70 కిలోల మనిషికి 65–75 పీఎస్ఐ గాలి ఒత్తిడి చాలు.

తీరం వైపు వెళ్ళొస్తే మంచినీళ్ళు మెల్లగా పోసి తుడవండి. సర్వీసింగ్ షాపు ప్రెషర్ పైపు పట్టించొద్దు, నీరు బేరింగుల్లోకి పోతుంది. చైన్ ఆరాక ప్రతి లింకుకు ఒక చుక్క నూనె, పది నిమిషాలాగి పైపైన పూర్తిగా తుడిచేయాలి. నూనె లోపల ఉండాలి, బయట ఉంటే దుమ్ము పట్టి అరగదీస్తుంది. మీరడిగిన తృప్తిలో ఇదీ ఒక భాగమండి: నిశ్శబ్దంగా తిరిగే చైన్, మెకానిక్ కోసం ఎదురుచూడకుండా రోడ్డు పక్క పది నిమిషాల్లో సరిచేసుకోగల చేతులు. రేసు రోజు టైరు చీలితే అని భయపడ్డారు కదా, ఆ భయానికి మందు ఇంటి వరండాలోనే ఉంది. వారానికోసారి వెనక చక్రం విప్పి ట్యూబు మార్చండి.

లంక దారి (యానాం)

అందరూ మంచి మాటలే చెప్పారు గానీ ఇన్ని లెక్కలు పెట్టుకుంటే పొద్దున్నే వచ్చే ఆనందం ఎక్కడికి పోతుందండి? వారానికి సగం రోజులు వాచీ లేకుండా వెళ్ళమనే నా సలహా. 1978లో హవాయిలో మొదటిసారి ఈ దూరం పెట్టినప్పుడు 15 మంది మొదలుపెట్టారు, 12 మంది ముగించారు. మొదట వచ్చిన గార్డన్ హాలర్‌కు 11 గంటల 46 నిమిషాలు పట్టింది. అప్పటికి ఈ పరికరాలేవీ లేవు.

నాడి లెక్క (రాజమండ్రి)

లంక దారి గారూ, మీరన్నది కొంతవరకు నిజం. శుక్రవారం తేలిక పరుగు లాంటిది వాచీ లేకుండానే చేయాలి, ఊపిరిని బట్టి వేగం తెలుసుకోవడం కూడా నేర్చుకోవలసిన విద్యే. కానీ ఏప్రిల్, మే నెలల్లో పొడవు పనులకు మాత్రం పట్టీ తీయొద్దని గట్టిగా చెబుతాను. వేగం పెంచకుండానే హార్ట్ రేట్ 15 పెరిగి దిగకపోతే అది ఆపమనే సూచన. ఒళ్ళు జలదరించడం, చెమట ఆగిపోవడం, మాట తడబడటం దాకా వచ్చాక మనకు మనం తెలుసుకోలేం.

గట్టు మీద పరుగు (అమలాపురం)

అందరికీ ధన్యవాదాలండి. డ్రిఫ్ట్ లెక్క ఈ ఆదివారమే మొదలుపెడతాను. రెండు సందేహాలు మిగిలాయి. నాలుగు గంటలు దాటిన రైడ్‌లో కొబ్బరి నీళ్ళు, అరటిపళ్ళు సరిపోతాయా? చివర్లో తల తిరుగుడు, కడుపులో తిప్పుడు ఉంటోంది. రెండోది, 17 గంటల గడువుకు లెక్క ఎలా వేసుకోవాలి?

ఉప్పు చక్కెర (తణుకు)

కొబ్బరి నీళ్ళు మంచివే గానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ప్రధానంగా సోడియం. నాలుగు గంటలు కొబ్బరి నీళ్ళు, మామూలు నీళ్ళు మాత్రమే తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడి తల తిరుగుతుంది, కడుపు తిప్పుతుంది. ఎక్కువ తాగడం కూడా ప్రమాదమే.

ముందు మీ చెమట ఎంతో తెలుసుకోండి. బట్టలు లేకుండా బరువు చూసుకుని గంట తొక్కండి, ఒళ్ళు తుడుచుకుని మళ్ళీ చూడండి. 70.0 కిలోలు 69.2 అయ్యాయి, మధ్యలో అర లీటరు తాగారు, మూత్రానికి వెళ్ళలేదు అనుకుంటే గంటకు 1.3 లీటర్లు పోయినట్టు. మొత్తం తిరిగి తాగలేరు, తాగనక్కర్లేదు. 600–800 మిల్లీలీటర్లు కడుపు పట్టగలదు. రైడ్ ముగిశాక బరువు పెరిగి ఉందంటే మాత్రం మితిమీరి తాగారన్నమాట.

ఇంట్లో కలుపుకునేది: లీటరు నీళ్ళు, 60 గ్రాముల చక్కెర, పావు చెంచా ఉప్పు, ఒక నిమ్మకాయ. టీ చెంచాతో పావు ఉప్పులో 550–600 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. చొక్కా మీద తెల్ల చారలు కట్టేవాళ్ళు దాన్ని రెట్టింపు చేయొచ్చు. పిండిపదార్థం గంటకు 60 గ్రాములు లక్ష్యం, అలవాటయ్యాక 80 దాకా. అయితే ఒక్కసారిగా కాదు, గంటకు 40తో మొదలుపెట్టి రెండు వారాలకు పదేసి పెంచాలి. కడుపుకూ శిక్షణ కావాలి. కర్పూర అరటిపండు ఒకటి 15–20 గ్రాములిస్తుంది, కాబట్టి గంటకొకటి సరిపోదు. బాటిల్‌తో కలిపితే సరిపోతుంది. ఆత్రేయపురం పూతరేకులు జేబులో పెట్టుకునేవాళ్ళున్నారు. బియ్యపు రేకు, బెల్లం బాగానే ఉంటాయి, నెయ్యి వల్ల కడుపులో ఆగిపోతాయి. రైడ్ అయ్యాక తినండి. ముందు రోజు రాత్రి ఆకుకూర, వేపుళ్ళు తగ్గించి పెరుగన్నంలో కాస్త ఉప్పు ఎక్కువ వేసుకుంటే మంచిది.

మొదటి ఆహారం రైడ్ మొదలైన 20 నిమిషాలకే. ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే, అప్పుడు తిన్నది దిగదు.

నాడి లెక్క (రాజమండ్రి)

గడువు లెక్క ఇదిగోండి. ఈత 1:35, బట్టలు మార్చుకోవడానికి 10 నిమిషాలు. సైకిలు గంటకు 25 కి.మీ. చొప్పున 7:12. మొత్తం 8:57. సైకిలు ముగించే గడువు సాధారణంగా మొదటి నుంచి 10:30, గంటన్నర మిగులుంది. ఇంకో 10 నిమిషాలు మార్పిడికి తీసేసినా పరుగుకు 7 గంటల 53 నిమిషాలుంటాయి. 42.2 కి.మీ.కి కిలోమీటరుకు 11 నిమిషాలు, అంటే వేగమైన నడక. కాబట్టి వేగంగా నడవడం కూడా శిక్షణలో పెట్టండి, 9 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక మొదటి కిలోమీటరు నుంచే. కాళ్ళు పడిపోయాక నడక మొదలుపెడితే లయ దొరకదు.

రేసు ఒక్కరోజు పోతే అన్నీ పోతాయా అన్నదానికి నా జవాబు: శిక్షణలోనే మూడు పెద్ద రోజులు పెట్టుకోండి. పూల్‌లో ఆగకుండా 3.8 కి.మీ. ఒకరోజు. అనుకున్న తిండి, తాగుడుతో 150–160 కి.మీ. సైకిలు ఒకరోజు, దిగిన వెంటనే 20–30 నిమిషాల పరుగు. 30 కి.మీ. పరుగు ఒకరోజు, అంతకు మించొద్దు, మారథాన్ మొత్తం చేస్తే కోలుకోవడానికే మూడు వారాలు పోతాయి. వీటి మధ్య కనీసం మూడేసి వారాలు ఉండాలి. ఈ మూడూ వేటికవే పూర్తయిన పనులు. రేసు రోజు ఏమైనా వీటిని ఎవరూ చెరపలేరు.

మూడు వారాలు పెంచి నాలుగో వారం 30–40 శాతం తగ్గించడం మరిచిపోవద్దు. శ్రావణంలో పెళ్ళిళ్ళుంటాయి కదా, ఆ వారాలనే విశ్రాంతికి కేటాయిస్తే ఇంట్లోనూ మాట రాదు. లేవగానే హార్ట్ రేట్ వరుసగా మూడు రోజులు మామూలు కన్నా 7–8 ఎక్కువుంటే ఆ వారం షెడ్యూలు పక్కన పెట్టేయండి.

గట్టు మీద పరుగు (అమలాపురం)

వచ్చే వారానికి ఇలా రాసుకున్నానండి. సోమవారం విశ్రాంతి, మంగళవారం ఈత, తేలిక పరుగు, బుధవారం సైకిలు రెండు గంటలు, వెంటనే 20 నిమిషాల పరుగు, గురువారం పొడవు పరుగు గంటా 40 నిమిషాలు, శుక్రవారం ఈత, వాచీ లేకుండా అరగంట పరుగు, శనివారం సైకిలు నాలుగు గంటలు, ఆదివారం డ్రిఫ్ట్ పరీక్ష, సాయంత్రం ఈత. ఏమైనా మార్చాలా?

నాడి లెక్క (రాజమండ్రి)

నాలుగు గంటల సైకిలు మర్నాడు డ్రిఫ్ట్ పరీక్ష పెడితే అంకె అలసటను చూపిస్తుంది, దమ్మును కాదు. పరీక్షను మంగళవారం పొద్దునకు మార్చి, ఆ రోజు తేలిక పరుగు తీసేయండి. బుధవారం బ్రిక్ (సైకిలు దిగిన వెంటనే పరుగు) మర్నాడే పొడవు పరుగు కూడా వద్దు, దాన్ని ఆదివారానికి పంపి గురువారం ఈత ఒక్కటే పెట్టండి. ఆదివారం సాయంత్రం ఈత తీసేయండి, గురువారం ఈతతో వారానికి మూడు ఈతలూ పూర్తవుతాయి.